చిన్నప్పటి ఇంటికి మళ్లీ వెళ్లాల్సి వస్తే: వెళ్లే ముందు, ఆ ఇంట్లో, తిరిగొచ్చాక ఏం చేయాలి

పెరిగిన ఇల్లు గుర్తొస్తే మనసు తేలికపడేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఇది అక్కర్లేదు. ఆ ఇంటి మాటెత్తగానే కడుపులో మెలిపెట్టినట్టయ్యేవాళ్లు, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తాలా వద్దా అని ఒక్క క్షణం ఆగిపోయేవాళ్లు, ఏళ్ల తరబడి ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుని ఇప్పుడు వెళ్లక తప్పనివాళ్లు, లేదా ఎవరూ రమ్మనకపోయినా ఇంక దాచుకోలేక వెళ్దామనుకుంటున్నవాళ్లు, మీ కోసం రాస్తున్నాను. కొట్టే నాన్న, చూస్తూ ఊరుకున్న అమ్మ, తాగుడు, రాత్రుళ్లు గొడవలు, ఒక బిడ్డను నెత్తిన పెట్టుకుని ఇంకో బిడ్డను చీదరించుకోవడం, చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి, ఎవరూ నోరెత్తని ఒక చావు. ఒక్కో ఇంట్లో ఒక్కోటి.

చిన్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగినా మీరు అక్కడే ఉండాలి. లేచి వెళ్లిపోయే వీలు లేదు, వెళ్లినా ఎక్కడికని? ఇప్పుడు ఆ వీలుంది. కింద చెప్పేవన్నీ ఆ వీలు మీ చేతిలోంచి జారిపోకుండా చూసుకోవడానికే.

మొదటి పని: వెళ్లాలా వద్దా తేల్చుకోండి

వెళ్లకపోవడం కూడా నిర్ణయమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మిమ్మల్ని కొట్టిన మనిషి ఇప్పటికీ చేయి చేసుకునే మనిషే అయితే, లైంగికంగా హింసించినవాళ్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, లేదా మీరే ప్రస్తుతం నిద్రపట్టక, చచ్చిపోవాలన్న ఆలోచనలతో నలుగుతుంటే, ఇప్పుడు వెళ్లకండి. ముందు మానసిక వైద్యుడినో కౌన్సెలర్‌నో కలవండి. కలవాల్సిన మనిషి ఒక్కరే ఉంటే ఇల్లు వదిలేసి బయట ఎక్కడైనా నలుగురూ తిరిగే చోట కలవచ్చు. "పెద్దవాళ్లు పోయాక ఏడిస్తే ఏం లాభం" అని బంధువులు అంటారు. వాళ్లు ఆ రాత్రుళ్లు ఆ ఇంట్లో లేరు.

అలాగని దూరంగా ఉంటే అంతా దానంతటదే సర్దుకుంటుందని కూడా నేను చెప్పను. కుటుంబాల మీద పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్ట్ మర్రే బోవెన్ దీని గురించి చాలా ఆలోచించాడు. ఇంట్లోవాళ్లతో మాటలు తెంచుకుని దూరంగా వెళ్లిపోయినంత మాత్రాన ఆ లోపలి ముడి విడిపోదని, అదే గొడవ తర్వాత భార్యతోనో భర్తతోనో పిల్లలతోనో మళ్లీ మొదలవుతుందని ఆయన అనేవాడు. 1967లో కుటుంబ చికిత్స చేసేవాళ్ల సమావేశంలో ఆయన సిద్ధాంతాలు చెప్పడం మానేసి, తన సొంత కుటుంబంలోకి తిరిగి వెళ్లి తాను ఏం చేశాడో చెప్పాడు. ఆ తర్వాత తన దగ్గర నేర్చుకునేవాళ్లను కూడా సొంత ఇళ్లకు పంపేవాడు. వెళ్లి నిలదీయమని కాదు. అక్కడ ఎవరు ఎవరితో ఎలా ఉంటున్నారో గమనించమని, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడమని, ఎదురుదాడికి దిగొద్దు, సమర్థించుకోవడానికీ దిగొద్దు అని. నాకు తెలిసినంతలో ఈ పని చేయడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

రెండు: ఎందుకు వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

బుర్రలో అనుకుంటే సరిపోదు, కాగితం మీద రాయండి. రాశాక ఒక ప్రశ్న వేసుకోండి: ఇది పూర్తవడానికి ఇంకొకరు మారాలా? మారాలి అంటే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి.

"నాన్న క్షమాపణ చెప్పాలి" అనేది మీ చేతిలో లేదు. "ఆ రోజు నన్ను గదిలో పెట్టి తాళం వేసిన సంగతి నాన్నకు ఒక్కసారైనా నా నోటితో చెప్పాలి" అనేది మీ చేతిలో ఉంది. "అమ్మ నన్ను అర్థం చేసుకోవాలి" కాదు, "అమ్మను ఒక్క ప్రశ్న అడిగి, ఆమె ఏం చెప్పినా పూర్తిగా విని రావాలి". "అన్నయ్యకు బుద్ధి రావాలి" కాదు, "పాత ఫోటోలు, నా సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి". "ఆ ఇంటి భయం పోవాలి" కూడా వద్దు, భయం ఎప్పుడు పోతుందో మీకు మాత్రం ఏం తెలుసు. "నేను పడుకున్న గదిలో పది నిమిషాలు కూర్చుని బయటికి రావాలి" అని రాయండి, అది చేయగలరు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది పైకి ఎంత చిన్న పని రాసుకున్నా అడుగున ఇంకొకటి ఉంటుంది. ఈసారైనా తలుపు తీయగానే వాళ్ల ముఖం వెలుగుతుందేమో, ఈసారైనా దగ్గరికి తీసుకుని "నీకు అన్యాయం చేశాం" అంటారేమో అని. నలభై ఏళ్లొచ్చినా, అరవై ఏళ్లొచ్చినా ఆ ఆశ చావదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఏ బిడ్డకైనా ఉండేదే. కానీ అది కాగితం మీదికి రాకుండా లోపలే ఉండిపోతే ఆ ఇంట్లో గడిపే ప్రతి నిమిషాన్నీ అదే నడిపిస్తుంది, చివరికి మీరు వెళ్లిన పని సజావుగా అయిపోయినా ఓడిపోయి వచ్చినట్టే ఉంటుంది. అందుకే రెండో వాక్యంగా దాన్నీ రాయండి: "ఇలా జరిగితే బాగుండునని నాకు ఉంది, కానీ నేను వెళ్తున్నది దీని కోసం కాదు." రాసేటప్పుడు ఏడుపొస్తే ఏడవండి. అక్కడికి వెళ్లి వాళ్ల ముందు ఏడవడం కన్నా ఇక్కడే మేలు.

మూడు: ఆ ఇంట్లో మీ ఒంటికి ఏమవుతుందో ముందే తెలుసుకోండి

ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి ఆ గడప దాటగానే గొంతు సన్నబడి, భుజాలు వంచుకుని, గోడ పక్కనే నడుస్తుంటే తనకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇన్నేళ్లలో నేనేం ఎదగలేదా అని బాధేస్తుంది. ఎదగకపోవడం వల్ల కాదు. జ్ఞాపకం అది ఏర్పడిన చోటుకి అతుక్కుని ఉంటుంది. 1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు డైవర్ల చేత కొన్ని మాటలు నీళ్ల అడుగున, కొన్ని ఒడ్డున నేర్పించి చూశారు. నీళ్లలో నేర్చుకున్నవి నీళ్లలోనే బాగా గుర్తొచ్చాయి, ఒడ్డున నేర్చుకున్నవి ఒడ్డునే. మామూలు మాటల జాబితాకే అలా ఉంటే, భయంతో గడిపిన పదిహేనేళ్ల సంగతి చెప్పాలా.

వాసనలతో ఇంకా జాగ్రత్త. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే చోటు మీదుగా వెళ్తాయి. వాసన అలా ఆగకుండా భయాన్నీ ఉద్వేగాలనీ చూసే అమిగ్డలా దగ్గరికి, జ్ఞాపకాలను చూసే హిప్పోక్యాంపస్ వైపుకి చాలా దగ్గర దారిలో చేరుతుంది. అందుకే పాత బీరువా తలుపు తీయగానే, ఏదో సబ్బు వాసనో మందు వాసనో తగలగానే, అదేంటో గుర్తుపట్టేలోపే గుండె దడ మొదలవుతుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు, గేటు చప్పుడు, ఒక రకమైన దగ్గు కూడా ఇలాగే పట్టుకుంటాయి. మీకు ఏవి తగలొచ్చో ముందే ఒక చిన్న జాబితా రాసుకోండి. రాసుకున్నంత మాత్రాన అవి రాకుండా పోవు గానీ, వచ్చినప్పుడు "ఇది నేను అనుకున్నదే" అనిపిస్తుంది, ఆ ఒక్క మాట చాలా సాయం చేస్తుంది.

కొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకం, అసలు ఏమీ అనిపించదు, మొద్దుబారిపోయినట్టు ఉంటుంది. అదీ మామూలే. నాకు గుండె లేదా అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

నాలుగు: వెళ్లే ముందు రాయండి, కానీ ముందురోజు రాత్రి కాదు

1986లో జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ కలిసి కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలో బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. జరిగిందీ, అప్పుడు తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ రెండో సంగతి చాలామంది చెప్పరు. కాబట్టి ప్రయాణానికి రెండు వారాల ముందే ఆ నాలుగు రోజులూ పూర్తి చేసేయండి, ఆ బరువు దిగడానికి టైం ఇవ్వండి. అక్షరదోషాలు చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు. రాస్తుంటే ఒళ్లు వణకడం, ఊపిరి ఆడనట్టు ఉండటం లాంటివి వస్తే ఆపేయండి, అది ఒంటరిగా చేయాల్సిన పని కాదని అర్థం.

రాసినదాంట్లో మూడు రకాల సంగతులు కలగలిసి ఉంటాయి: మీరు స్వయంగా చూసినవీ విన్నవీ, ఎవరో చెప్పగా మీ జ్ఞాపకంగా మారినవీ, మీరు ఊహించి అర్థం చెప్పుకున్నవీ. వాటిని వేరు వేరు రంగు పెన్నులతో గీతలు పెట్టి విడదీయండి. జ్ఞాపకం రికార్డు చేసిన వీడియో కాదు. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో కొందరికి కార్ల ప్రమాదం వీడియో చూపించి, ఒక గుంపును కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని, ఇంకో గుంపును "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. గట్టి మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పడమే కాదు, వారం తర్వాత అడిగితే లేని గాజు ముక్కలు చూశామన్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

ఇది చదివి "అయితే నాదంతా ఊహేనేమో" అనుకోకండి, దయచేసి. అంచులు మారడం వేరు, జరగనే లేదనడం వేరు. ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు తప్పు గుర్తుండొచ్చు, అది ఆదివారమా మంగళవారమా అన్నది తేడా రావచ్చు. దెబ్బ తిన్నది మాత్రం మీరే. విడదీయమంటున్నది ఎందుకంటే, మీరు ఊహించిన ఒక చిన్న సంగతిని పట్టుకుని వాళ్లు మొత్తాన్నీ కొట్టిపారేయకుండా ఉండటానికి. స్వయంగా చూసినవి మాత్రమే అక్కడ నోటితో చెప్పండి.

ఐదు: బయటికొచ్చే దారి ముందు, లోపలికెళ్లే దారి తర్వాత

ఇది ఏమాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో ఎవరో ఒకరు దింపితేనే తిరిగి వెళ్లగలిగే పరిస్థితి పెట్టుకోవద్దు, మీ బండో, మీరు పిలవగలిగే వాహనమో ఉండాలి. రాత్రి నిద్ర అక్కడ వద్దు, మొదటిసారికి మరీ వద్దు. ఎంత నొచ్చుకున్నా సరే వేరే చోట బస చూసుకోండి, పొద్దున వెళ్లి వెలుతురు ఉండగానే వచ్చేయండి. ఎన్ని గంటలకు బయల్దేరతారో వెళ్లే ముందే ఫోన్లో చెప్పేయండి: "నేను పదింటికి వస్తాను, ఒంటిగంటకు వెళ్లిపోవాలి". అక్కడికెళ్లాక చెబితే అది అలిగి వెళ్లినట్టు ఉంటుంది. ఐడీ కార్డులు, మందులు, డబ్బు, ఫోను ఒకే సంచిలో వేసుకుని అది మీ చేతికందే చోటే ఉంచండి, లోపలి గదిలో పెట్టొద్దు.

ఫోన్‌కి అవతల ఒక మనిషి ఉండాలి. స్నేహితురాలో, భర్తో, తమ్ముడో, ఎవరైనా సరే, "గంటకోసారి మెసేజ్ చేస్తాను, ఫలానా మాట పంపితే వెంటనే నాకు ఫోన్ చేసి అర్జంటుగా రమ్మను" అని ఒప్పందం చేసుకోండి. ఎవరైనా తోడు వస్తుంటే వాళ్ల పని ఏమిటో కూడా ముందే తేల్చండి. మీ తరఫున పోట్లాడటం వాళ్ల పని కాదు, మీరు కళ్లతో సైగ చేయగానే "ఇంక బయల్దేరదామా" అనడమే వాళ్ల పని.

చిన్నపిల్లల్ని మొదటిసారి తీసుకెళ్లకండి. మీ కంగారు వాళ్లకు తెలిసిపోతుంది. పైగా మిమ్మల్ని ఏడిపించిన మనిషి మీ పాపను ముద్దు చేస్తుంటే చూడటం ఎంత కష్టమో అక్కడికెళ్లాకే తెలుస్తుంది.

పెళ్లికో చావుకో మొదటిసారి వెళ్లాల్సి వస్తే, ఆ రోజు ఏమీ మాట్లాడకూడదని ముందే నిర్ణయించుకోండి. జనంలో ఉండి, పని చూసుకుని, వచ్చేయండి. మాటలకు ఇంకో రోజుంది.

ఆరు: ఇంట్లో అడుగుపెట్టాక

తిన్నగా ఆ గదిలోకి వెళ్లకండి. ఏ గదో మీకు తెలుసు. ముందు బయట నిలబడి ఇంటిని చూడండి. చిన్నదిగా కనిపిస్తుంది, ఎత్తు అనుకున్న గోడ భుజం దాకా వస్తుంది. అప్పుడు మీరు ఎంత చిన్నగా ఉండేవారో అర్థమయ్యేది అక్కడే, కొంతమందికి కోపం కన్నా ముందు ఆ పిల్ల మీద, ఆ పిల్లాడి మీద జాలి పుట్టేది అక్కడే. తర్వాత తక్కువ బాధపెట్టే చోటు నుంచి ఎక్కువ బాధపెట్టే చోటికి నెమ్మదిగా వెళ్లండి. మధ్యలో ఎక్కడ ఆపేసినా తప్పులేదు, మిగిలింది ఇంకోసారికి ఉంచుకోవచ్చు.

దడ మొదలైతే కళ్లు మూసుకోవద్దు. మూస్తే పాత రోజే కనిపిస్తుంది. కళ్లు తెరిచి, మీరు ఉన్నప్పుడు లేనివి ఆ గదిలో వెతకండి: కొత్త రంగు, మార్చిన బల్బు, వేరే క్యాలెండరు, మీ కాళ్లకున్న చెప్పుల సైజు. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసన తెలిసేవి రెండు, నోటికి రుచి తెలిసేది ఒకటి అని లెక్కపెట్టే పద్ధతి చాలామంది కౌన్సెలర్లు నేర్పిస్తారు, కానీ ఈ ఇంట్లో నేను వాసనల్ని వదిలేయమంటాను, కారణం పైన చెప్పాను. గాలి పీల్చుకునే దాని కన్నా వదిలేది పొడుగ్గా ఉండేట్టు చూసుకోండి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరేడు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది.

ఇంకోటి, లోపల ఏమవుతోందో దానికి పేరు పెట్టండి. "భయమేస్తోంది", "కోపమొస్తోంది", "సిగ్గుగా ఉంది" అని మనసులోనే, మెల్లగా. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగులు తీసి చూస్తే, ముఖాల మీద కనిపించే ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గింది. చాలా చిన్న పని, ఎవరికీ తెలియకుండా చేయొచ్చు.

మంచి జ్ఞాపకాలు కూడా వస్తాయి, వీటికి ఎవరూ సిద్ధంగా ఉండరు. అదే గోడ పక్కన అదే నాన్న సైకిల్ నేర్పించాడు. అదే అమ్మ జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. అలాంటిది గుర్తొచ్చినప్పుడు "ఇంత మంచివాళ్ల మీద నేనిన్ని అనుకున్నానా" అని మొత్తం వెనక్కి తీసుకోబుద్ధేస్తుంది. తీసుకోవద్దు. ఆ మంచిని తోసెయ్యొద్దు కూడా. సైకిల్ నేర్పిన చెయ్యే కొట్టింది, రెండూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని చెరిపెయ్యదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోవడమే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన పని అని నా ఉద్దేశం, కోపంగా ఉండటం దీని కన్నా చాలా సులువు.

ఏడు: మాట్లాడాలనుకుంటే

అందరూ కూర్చుని ఉన్నప్పుడు వద్దు. ఒక్కరితో, పగటిపూట, వాళ్లు తాగి లేనప్పుడు, మీరు ఆకలితో లేనప్పుడు. మూడు ముక్కల్లో చెప్పండి: ఏం జరిగింది, నాకు ఎలా ఉండింది, ఇప్పుడు నాకేం కావాలి. "నువ్వెప్పుడూ అంతే", "నీకు ప్రేమే లేదు" అని మొదలుపెడితే సంగతి పక్కకు పోయి వాళ్ల గుణగణాల మీద పంచాయితీ అవుతుంది.

"నాన్నా, నాకు తొమ్మిదేళ్లప్పుడు లెక్కల పరీక్ష తప్పానని రాత్రంతా బయట నిలబెట్టావు. నేను చచ్చిపోతానేమో అనుకున్నాను. ఇప్పటికీ పరీక్ష అన్నా, ఇంటర్వ్యూ అన్నా చేతులు వణుకుతాయి. నువ్వేదో చేయాలని చెప్పట్లేదు, నీకు తెలియాలని చెప్తున్నాను." ఇంతే. దీని తర్వాత ఆగిపోండి. మౌనం భరించలేక మీరే "పోన్లే, అదేం పెద్ద విషయం కాదు" అని సర్దేయకండి.

అవతలి నుంచి వచ్చే మాటలు ఏ ఇంట్లో అయినా దాదాపు ఒకేలా ఉంటాయి. "అలాంటిదేం జరగలేదే." "మా రోజుల్లో అందరూ అలాగే పెంచారు." "నిన్ను చదివించింది ఎవరు మరి?" "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావు?" "నీ మాటలకే నాకు బీపీ పెరిగేది." అమెరికాలో జెనిఫర్ ఫ్రైడ్ అనే సైకాలజిస్ట్ 1997లో ఈ వరసను గుర్తించి రాసింది: ముందు కాదంటారు, తర్వాత అడిగినవాళ్ల మీద పడతారు, చివరికి తామే బాధితులమని తేల్చుతారు. ఇది తెలిసి ఉంటే వరసలో ఎక్కడిదాకా వచ్చారో మీరు చూడగలుగుతారు, అందులో కొట్టుకుపోకుండా ఉండగలుగుతారు. వాదించి గెలవాల్సిన పని లేదు. "నీకు గుర్తులేకపోవచ్చు, నాకు గుర్తుంది" అనండి. "చదివించావు, దానికి నాకు కృతజ్ఞత ఉంది. నేను చెప్పింది వేరే సంగతి" అనండి. అదే మాట రెండోసారి, అదే గొంతుతో. మూడోసారి అక్కర్లేదు.

గొంతులు పెరిగాయంటే ఆపేయండి. దాంపత్యాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ చెప్పేదేమిటంటే, గొడవలో గుండె నిమిషానికి వందసార్లకు పైగా కొట్టుకుంటున్నప్పుడు మనిషి అవతలివాళ్ల మాట వినే స్థితిలో ఉండడు, మామూలు స్థితికి రావడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. "నేను కాసేపు బయట నడిచొస్తాను" అని చెప్పి లేవండి. లేచినందుకు వెనక నుంచి ఏదో ఒకటి అంటారు, అననివ్వండి.

అమ్మ ఏడిస్తే చాలామంది అక్కడే కూలిపోతారు, చెప్పాల్సింది వదిలేసి ఓదార్చడం మొదలుపెడతారు, చిన్నప్పుడు చేసిందీ అదే కాబట్టి. ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి, నీళ్లివ్వండి. చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.

అక్కకో తమ్ముడికో అదే ఇంట్లో వేరే బాల్యం గడిచి ఉంటుంది. "నన్నెప్పుడూ కొట్టలేదే" అంటే అది అబద్ధం కాకపోవచ్చు, అతను పుట్టేసరికి ఇంట్లో పరిస్థితి వేరుగా ఉండి ఉండొచ్చు. వాళ్లను మీ సాక్షిగా మార్చుకోవాలని చూడకండి. "నువ్వేం చూశావో చెప్పు" అని అడిగి వినండి, ఒక్కోసారి మీకు తెలియని ముక్క వాళ్ల దగ్గర దొరుకుతుంది.

కన్నవాళ్లకు మతిమరుపు జబ్బు వచ్చి ఉంటే సంజాయిషీ అడగొద్దు, అది వాళ్లకూ హింసే, మీకూ హింసే. మనిషి ఎదురుగా ఉన్నా ఆ మనిషి లేకపోవడాన్ని కూడా ఒక రకమైన పోగొట్టుకోవడంగానే చూడాలని కుటుంబాల మీద పరిశోధన చేసిన పాలిన్ బాస్ 1970ల నుంచి చెబుతూ వచ్చింది. ఆ దుఃఖానికి దినాలుండవు, పరామర్శకు ఎవరూ రారు, అందుకే దాన్ని దుఃఖమని ఒప్పుకోవడానికే ఏళ్లు పడుతుంది. మీరు చెప్పాలనుకున్నది ఉత్తరంగా రాసి, వీలైతే ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉన్నప్పుడు పైకి చదువుకోండి. చనిపోయినవాళ్ల విషయంలోనూ ఇదే చేయొచ్చు.

క్షమించాలా అని అడుగుతారు. అక్కర్లేదు. వస్తే రావచ్చు, రాకపోతే మీలో లోపమేమీ లేదు. తప్పు చేసినవాళ్లు క్షమాపణ అడగకముందే క్షమించేయమని ఎవరైనా తొందరపెడితే, వాళ్లకు ఇంట్లో గొడవ సద్దుమణగడం ముఖ్యం, మీరు కాదు.

ఎనిమిది: వస్తువులు, గదులు

తెచ్చుకోవాలనుకున్నవి ముందే అడిగి పెట్టించండి, లేకపోతే వెతకడంలోనే పూటంతా పోతుంది. గదుల ఫోటోలు తీసుకోండి, ఇప్పుడు చూడబుద్ధి కాకపోయినా. కోపంలో ఏదీ చింపొద్దు, కాల్చొద్దు. మీ డైరీ అయినా సరే, ఒక సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి నెల తర్వాత నిర్ణయించండి.

ఇల్లు అమ్ముడుపోయి ఉంటే కొత్తవాళ్ల తలుపు తట్టే ముందు వీధిలోంచి చూస్తే సరిపోతుందేమో ఆలోచించండి. తట్టాలనే అనుకుంటే "చిన్నప్పుడు ఇక్కడే ఉండేవాళ్లం, ఒక్కసారి చూడొచ్చా" అంటే చాలు, కథంతా వాళ్లకు చెప్పక్కర్లేదు, కుదరదంటే తిరిగొచ్చేయండి. కూల్చేసి ఉంటే మీకు గుర్తున్నట్టు ఇంటి ప్లాను గీసి, ఒక్కో గదిలో ఏం జరిగిందో రాయండి. నిజంగా వెళ్లినంత పనీ అది చేస్తుంది, కాబట్టి దానికీ ఒక మనిషిని ఫోన్ దగ్గర పెట్టుకోండి.

తొమ్మిది: తిరిగొచ్చాక

ఆ రాత్రి ఎవరికీ పొడుగాటి మెసేజ్ పంపకండి, ముఖ్యంగా ఫ్యామిలీ గ్రూపులో. రెండు మూడు రోజులు ఆస్తి గురించి, తెగతెంపుల గురించి, ఉద్యోగం గురించి పెద్ద నిర్ణయాలేవీ వద్దు. వచ్చిన రోజే పడుకునే ముందు నాలుగు లైన్లు రాయండి: ఏం చూశాను, ఏం చెప్పాను, ఏది అనుకున్నట్టు జరగలేదు, ఒంట్లో ఎలా ఉంది. మర్నాడు వీలైతే సెలవు పెట్టండి. పిచ్చి కలలు, చిరాకు, కారణం లేకుండా ఏడుపు, విపరీతమైన నీరసం కొన్నాళ్లు ఉంటాయి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచితే వాళ్లు కంగారుపడరు.

నెల దాటినా పీడకలలు తగ్గకపోయినా, ఆ సంఘటనలు మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపిస్తున్నా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా, మనుషుల్నీ చోట్లనీ తప్పించుకు తిరుగుతున్నా డాక్టర్‌ని కలవాలి. ఇవి పీటీఎస్‌డీ, అంటే తీవ్రమైన భయానక అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు, లక్షణాలు కావచ్చు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో దీన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది. పాత గాయాల మీద నేరుగా పనిచేసే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) అనే రెంటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది, కాబట్టి కౌన్సెలర్‌ని వెతికేటప్పుడు "ట్రామా మీద పనిచేసిన అనుభవం ఉందా, ఈ రెంటిలో ఏది చేస్తారు" అని అడగండి. అడిగినందుకు చిరాకుపడే మనిషి దగ్గరికి వెళ్లకండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నెల ఆగడం కాదు, ఆ నిమిషమే ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో ఎమర్జెన్సీకో ఫోన్ చేయండి.

వారం పది రోజుల్లో అక్కణ్నుంచి ఫోనొస్తుంది, "మళ్లీ ఎప్పుడొస్తున్నావు" అని. అంతా బాగా జరిగితే ఆ ఊపులో తేదీ చెప్పేస్తారు, చెడితే "ఇంక రాను" అనేస్తారు, రెండూ ఫోన్లో వద్దు. "చూసుకుని చెప్తాను" అని పెట్టేయండి. తర్వాత కాగితం తీసి, ఈసారి వెళ్తే ఏ పని మీద వెళ్లాలో, ఎన్ని గంటలు ఉండగలరో, ఎవరిని తీసుకెళ్లాలో రాసుకోండి. రాయడానికి ఏమీ తోచకపోతే ఇంకా వెళ్లే టైం రాలేదు, అదే విషయం వాళ్లకు మెసేజ్ పెట్టండి: "ఇప్పట్లో కుదరదు, కుదిరినప్పుడు నేనే ఫోన్ చేస్తాను."